రిపోర్టు వచ్చేలోపు ఏడు రోజులు

ప్రశ్న: మేం మూసాపేటలో ఉంటాం. నా వయసు 34, మాదాపూర్‌లో ఉద్యోగం. అమ్మకు 61. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది. కుడి రొమ్ములో గడ్డ తగిలితే మామోగ్రామ్, స్కానింగ్ చేయించాం. రిపోర్టులో బైరాడ్స్ 4బి అని రాశారు. మంగళవారం సూదితో ముక్క తీశారు, వారం పడుతుందన్నారు. అప్పట్నించి నేను మనిషిలా లేను. రోజుకు ముప్ఫై నలభై సార్లు ఫోన్ తెరిచి రిపోర్టు వచ్చిందా అని చూస్తున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, నెట్‌లో చదువుతూ తెల్లారుస్తాను. అమెరికాలో ఉన్న అన్నయ్య పూటకోసారి ఫోన్ చేస్తాడు. అమ్మకు మాత్రం నీటిగడ్డ అని చెప్పాం. ఆవిడ ముందు నవ్వుతూ తిరిగి, బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తున్నాను. ఈ వారం ఎలా గడపాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు ఆ 4బి సంగతి చూద్దాం, రాత్రి రెండింటికి మిమ్మల్ని లేపుతున్నది అదే కాబట్టి. స్కానింగ్‌లో గడ్డ ఆకారం చూసి రేడియాలజిస్టు వేసే అంచనా అది. 4బి అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 10 నుంచి 50 శాతం మధ్య. అంటే ఇలా రాసిన గడ్డల్లో సగమో, అంతకంటే ఎక్కువో క్యాన్సర్ కావు. అలాగని కొట్టిపారేసే అంకె కూడా కాదు, అందుకే ముక్క తీశారు. మీరు నెట్‌లో చదువుతున్నవి మాత్రం చాలావరకు స్టేజీల లెక్కలు, ఐదేళ్లు బతికేది ఎందరన్న లెక్కలు అయివుంటాయి. జబ్బు ఉందో లేదో తేలకుండా స్టేజీ ఉండదు. ఆ పేజీలు ఇవాళ మీ అమ్మగారి గురించి చెప్పేది ఏమీ లేదు.

ఇక ఏడు రోజులు ఎందుకంటే, తీసిన ముక్కలు చీపురుపుల్లంత సన్నంగా, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున ఉంటాయి. వాటిని వెంటనే ఫార్మలిన్ సీసాలో వేస్తారు. రొమ్ము ముక్కలు అందులో కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా నానాలి. తక్కువ నానితే తర్వాత చేసే పరీక్షలు తప్పు చూపిస్తాయి. ఆ తర్వాత మెషీన్‌లో రాత్రంతా ఆల్కహాల్‌తో నీరు లాగి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనం పట్టిస్తారు. మైనం గట్టిపడితే అది బ్లాక్. దాన్నుంచి మూడు నాలుగు మైక్రాన్ల పొరలు కోసి, గాజుపలక మీద పరిచి, ఊదా, గులాబీ రంగులు అద్దాకే పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద పెట్టేది. అక్కడ సందేహం వస్తే అదే బ్లాక్ నుంచి ఇంకొన్ని పొరలు కోయమంటారు, లేదా ఐహెచ్‌సీ అనే మరో పరీక్షకు పంపుతారు. దాంతో ఇంకో రెండు మూడు రోజులో, అంతకంటే ఎక్కువో జరుగుతుంది. కాబట్టి ఆలస్యమైతే చెడ్డ కబురేనని అనుకోకండి. మంచిదని నిర్ధారించడానికి కూడా ఐహెచ్‌సీ చేస్తారు. మధ్యలో ఆదివారమో పండగో వస్తే అదీ కలుస్తుంది.

ఫోన్ చూడటం గురించి. చూసిన ప్రతిసారీ అర నిమిషం గుండె కుదుటపడుతుంది, ఆ అర నిమిషం కోసమే మనసు మళ్లీ చూడమంటుంది. అలా ఊరట తగ్గుతూ, చూడాలనే తహతహ పెరుగుతూ పోతుంది. అసలు చూడకూడదని ఒట్టు పెట్టుకుంటే నిలవదు. రోజుకు రెండు వేళలు పెట్టుకోండి, పొద్దున 11, సాయంత్రం 5. ల్యాబ్‌కు ఒకసారి ఫోన్ చేసి రిపోర్టులు ఏ వేళకు పంపుతారో కనుక్కుని దానికి తగ్గట్టు మార్చుకోండి. ల్యాబ్ యాప్ నోటిఫికేషన్ ఆపేయండి. మధ్యలో చెయ్యి ఫోన్ మీదికి పోతే పది నిమిషాలు వాయిదా వేయండి. తొలి రెండు రోజులు చిరాకుగా ఉంటుంది, మూడో రోజుకు తేలికవుతుంది.

ఆలోచనలకు కూడా ఇలాగే ఒక వేళ కేటాయించవచ్చు. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో 15 నిమిషాలు, కుర్చీలో కూర్చుని, నోటుబుక్కు మీద. పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు ఇవాళ చేయగలిగినవి, రెండోవైపు చేతిలో లేనివి రాయండి. 'ఇన్సూరెన్స్‌లో అమ్మ పేరు ఉందా' అన్నది ఎడమవైపు, రేపు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే తీరిపోతుంది. 'క్యాన్సరే అయితే?' అన్నది కుడివైపు, దాని మీద ఈ వారం ఇక పని లేదు. రాత్రి ఆ ఆలోచన వచ్చినప్పుడు 'రాశానుగా, రేపు ఆరున్నరకు' అని పక్కన పెట్టడం కాస్త సులువవుతుంది. రెండు చోట్ల ఇది చెడిపోతుంది. పక్కమీద పడుకుని రాస్తే మంచమే బెంగకు గుర్తయిపోతుంది. ఫోన్‌లో రాస్తే మరో నిమిషంలో గూగుల్ తెరుచుకుంటుంది.

గుండె దడ మొదలైతే ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఐదు నిమిషాలు చాలు. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, ఛాతీ ఉబ్బేలా పెద్ద పెద్ద శ్వాసలు తీయడం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, వేళ్లు తిమ్మిరెక్కి తల తిరుగుతుంది, అది చూసి ఇంకా భయపడతాం. శ్వాస లోతుగా కాదు, నెమ్మదిగా ఉండాలి.

రాత్రి రెండింటికి లేస్తే, ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగండి. వంటింట్లో చిన్న లైటు వేసుకుని చింతపండులో గింజలు తీయండి, మెంతికూర ఆకు తుంచండి. చేతులు ఆడాలి, బుర్రకు పని ఉండకూడదు. కళ్లు వాలగానే వెళ్లి పడుకోండి. ఎంత నిద్ర తక్కువైనా పొద్దున లేచే టైము మార్చకండి. మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ వద్దు. ఆఫీసులో నాలుగింటికి తాగే టీ పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు అమ్మగారి విషయం. ఇంతవరకు చెప్పినవాటన్నిటికంటే ఇది ముఖ్యం, ఎందుకంటే మీ అలసటలో సగం ఆ నీటిగడ్డ అబద్ధం మోయడం వల్లే. సూది గుచ్చించుకున్నది ఆవిడ. మీ ఎర్రబడ్డ కళ్లు చూస్తున్నదీ ఆవిడే. చాలామంది తల్లులు పిల్లలు భయపడతారని తెలియనట్టు ఉంటారు. రిపోర్టులో నిజంగా ఏదైనా ఉంటే, ఆ రోజు జబ్బు కబురుతో పాటు మీరు దాచారన్న కబురూ ఆవిడ మీద పడుతుంది. ఇవాళ పొద్దున, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఇలా అనండి: "అమ్మా, నీటిగడ్డ అని చెప్పాం గానీ, అదేం గడ్డో ముక్క చూస్తే గానీ తెలియదన్నారు. క్యాన్సర్ ఉందేమో కూడా చూస్తున్నారు. ఇంకా ఏదీ తేలలేదు. నాకూ భయంగానే ఉంది." ఆ తర్వాత ఒక్క ప్రశ్న: "రిపోర్టు వచ్చాక డాక్టరుగారు నీకే చెప్పాలా, మాకు చెబితే మేం నీకు చెప్పాలా?" మొదటిది కావాలనే హక్కు ఆవిడకుంది, "నాకేం చెప్పొద్దు, మీరే చూసుకోండి" అనే హక్కూ ఉంది. ఏది అన్నా అలాగే చేయండి. "ఏం కాదులే అమ్మా" అని మాత్రం అనకండి. ఆ మాటతో ఆవిడ ఇక నోరు విప్పదు.

ముక్క తీసిన చోట కమిలినట్టు నల్లబడటం మామూలే. రెండు రోజులు ఆ చేత్తో బిందెలు, సిలిండరు ఎత్తనివ్వకండి, తక్కిన వంటపని లాగేసుకోకండి. ఖాళీగా కూర్చోబెడితే బెంగ పెరుగుతుంది. వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కారినా ఆస్పత్రికి ఫోన్ చేయండి. సూది పెడితే గడ్డ ముదిరి పాకుతుందని ఎవరో ఒక బంధువు తప్పకుండా అంటారు. అది నిజం కాదు. అమ్మగారి చెవిన పడకముందే మీరే ఆ మాట చెప్పేయండి.

అన్నయ్యకు రోజుకు ఒక్కటే వాయిస్ మెసేజ్, సాయంత్రం ఏడింటికి. కొత్తేమీ లేకపోతే 'ఇవాళ ఏమీ రాలేదు' అని చాలు. అంత దూరాన ఉన్నవాడికి చేతిలో పని లేకే అన్ని ఫోన్లు. ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలు చదివి గది అద్దె పరిమితి, క్యాష్‌లెస్ నిబంధనలు ఒక పేజీలో రాయమనండి.

రిపోర్టు పీడీఎఫ్ ఫోన్‌కు వస్తే ఆఫీసులో గానీ మెట్రోలో గానీ ఒంటరిగా తెరవకండి. ఇప్పుడే ఎనిమిదో రోజుకు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇద్దరు వెళ్లండి, ఒకరు వినడానికి, ఒకరు రాయడానికి. క్యాన్సర్ కాదని వచ్చినా ఒక ప్రశ్న అడగకుండా రాకండి: "స్కానింగ్‌కూ ఈ రిపోర్టుకూ పొంతన కుదిరిందా?" స్కానింగ్ అనుమానంగా ఉండి ముక్క మామూలుగా వస్తే, సూది సరైన చోట తగల్లేదేమోనని మళ్లీ తీయాల్సి రావచ్చు. క్యాన్సరే అని వస్తే, ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈఆర్, పీఆర్, హెచ్‌ఈఆర్2 పరీక్షల ఫలితాలు ఎప్పుడొస్తాయని అడగండి. హెచ్‌ఈఆర్2 '2+' అని, అంటే అటూ ఇటూ తేలకుండా వస్తే ఫిష్ అనే పరీక్ష కూడా కావాలి, అంటే మరికొన్నాళ్లు. రెండో అభిప్రాయం కావాలంటే బ్లాకులు, స్లైడ్లు రాతపూర్వకంగా అడిగి తీసుకోవచ్చు. దానికోసం అమ్మగారికి మళ్లీ సూది అక్కర్లేదు.

ప్రశ్న: నాన్నకు ఊపిరితిత్తిలో నీడ ఉందన్నారు, ముక్క తీశారు. నాకు ఛాతీ పట్టేస్తోంది, నిద్ర లేదు. మెడికల్ షాపులో అడిగితే బెంగ తగ్గి నిద్ర పట్టే అల్ప్రజోలమ్ మాత్రలు ఇచ్చారు. నాన్న కూడా నిద్రపోవడం లేదని ఆయనకూ సగం వేశాను. తప్పా? (వయసు 44, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: తప్పే. ఇవాళ్టి నుంచి ఆయనకు వేయకండి. పెద్దవాళ్లు ఆ మాత్రతో తూలి రాత్రి బాత్రూం దగ్గర పడిపోతారు. ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లకు శ్వాస మందగిస్తుంది. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. మీరు కొన్ని రోజులే వేసుకుని ఉంటే డాక్టరుకు చెప్పి ఆపండి. వారాల తరబడి రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా మానకూడదు, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి.

ఛాతీ పట్టేయడాన్ని బెంగ అని మీకు మీరే తేల్చుకోకండి. 44 ఏళ్లకు ఒక ఈసీజీ తీయించుకోవడం మంచిది. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈసీజీ బాగుంటే, అప్పుడు పై జవాబులోని శ్వాస పద్ధతి. తిండి సహించక, పని చేయలేక రెండు వారాలు గడిచినా, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నాన్నగారి గురించి ఒక్క మాట. ఊపిరితిత్తిలో నీడ ఉంటే అది టీబీ కూడా కావచ్చు, మన దగ్గర అది మామూలే. పెట్ స్కాన్‌లో టీబీ మచ్చ కూడా క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. తీసిన ముక్కను, తెమడను టీబీకి కూడా పంపారా అని రేపే అడగండి.

ప్రశ్న: రిపోర్టు ఇంకా రాలేదు. కానీ రాత్రంతా డబ్బు లెక్కలే. చెడ్డగా వస్తే ఎక్కడికి పోవాలి?

జవాబు: ఈ భయానికి కాగితాలు సర్దడమే మందు. తెల్ల రేషన్ కార్డు ఉంటే తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వర్తిస్తుంది, 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి పెంచారు. ఎక్కడికంటే, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లవచ్చు. పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, అక్కడే అర్హత చూసి చెబుతారు. ఆధార్, రేషన్ కార్డు, ఇప్పటివరకు తీసిన అన్ని రిపోర్టులు తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టండి. స్కానింగ్ సీడీలు, ఫిల్ములు కూడా. ఆధార్‌లో, కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఒక్క అక్షరం తేడాకే కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్లు ఉన్నారు, మీసేవలో దిద్దించుకోవడానికి ఇప్పుడు మీకు టైముంది.