రెబెకా పాత పోస్టర్ అసలుదేనా? ఫోటోలో కనిపించే మడతలను నమ్మకండి

ఆన్‌లైన్‌లో ఒకరు హిచ్‌కాక్ సినిమా రెబెకా పోస్టర్‌ను ‘రెబెకా, 1940, ఒరిజినల్ వన్‌షీట్’ (వన్‌షీట్ అంటే థియేటర్లకు పంపే మామూలు సైజు పోస్టర్) అని అమ్మకానికి పెట్టారనీ, ఫోటోలో పాత మడతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి కాబట్టి కొనొచ్చా అనీ మీలో ఒకరు అడిగారు. కాస్త ఆగండి. నేను మోసపోయింది సరిగ్గా ఆ మడతల దగ్గరే.

న్యూజెర్సీలో ఉన్నప్పుడు ఒక ఆదివారం పాత వస్తువుల సంతలో గ్యాస్‌లైట్ (1944) సినిమా పోస్టర్ కొన్నాను. అద్దం వెనక, ఫ్రేములో ఉంది. నిలువుగా ఒక మడత, అడ్డంగా మూడు. ఆ రోజుల్లో అమెరికాలో వన్‌షీట్లను థియేటర్లకు అలాగే మడిచి పంపేవాళ్లు కాబట్టి నాకు అనుమానమే రాలేదు. ఇంటికొచ్చి ఫ్రేము విప్పి వేలితో తడిమితే కాగితం నున్నగా ఉంది! అసలు పోస్టర్‌ను ఫోటో తీసి, మడతలతో సహా అచ్చు వేశారు. డబ్బు పోయిందని కాదు గానీ, దారి పొడుగునా ఆ సినిమా హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ భయపడే కళ్లు తలుచుకుంటూ వచ్చానే, ఆ సంతోషం పోయినందుకు చాలా రోజులు బాధపడ్డాను.

అందుకే ముందు వెనక వైపు ఫోటో అడగండి. నిజంగా మడిచిన కాగితమైతే ఆ గీతలు వెనక కూడా కనిపిస్తాయి. కొలత కూడా అడగండి. అప్పటి వన్‌షీట్ దాదాపు 27 × 41 అంగుళాలు. 24 × 36 అని చెబితే అది ఇప్పుడు గోడకు అతికించుకోవడానికి వేసిన కాపీయే అనుకోవచ్చు. పోస్టర్ చేతికందితే కింద ఉండే సన్నటి అక్షరాలను భూతద్దంతో చూడండి. అసలుదాంట్లో అవి సిరా నిండుగా, అంచులు పదునుగా ఉంటాయి. ఫోటో నుంచి తీసిన కాపీలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోయి మసకగా కనిపిస్తాయి.

కింది అంచున నేషనల్ స్క్రీన్ సర్వీస్ నంబరు ఉందేమో కూడా చూడండి. థియేటర్లకు పోస్టర్లు పంపిణీ చేసిన సంస్థ అది. ‘44/’ అని మొదలైతే 1944 అని అర్థం. ముందు ‘ఆర్’ అక్షరం ఉంటే సినిమా మళ్లీ విడుదలైనప్పుడు వేసిన పోస్టర్. స్టూడియోలు ఆ సంస్థతో ఒక్కొక్కటిగా కలిశాయి కాబట్టి, 1940 నాటి పోస్టర్‌కు నంబరు లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి.

‘ఆర్’ ఉన్నా అది నకిలీ కాదు. అదీ థియేటర్ కోసం వేసిందే, ధర మాత్రం చాలా తక్కువ. అమ్మేవాళ్లు ఆ సంగతి దాచి మొదటి విడుదల ధర అడిగితేనే తప్పు. మొదటి విడుదల పోస్టర్లు మిగిలిందే కొద్ది. ఆట అయ్యాక వెనక్కి పంపడమో, పారేయడమో చేసేవాళ్లు. పైగా యుద్ధకాలంలో పాత కాగితం పోగుచేసి ఇచ్చేవాళ్లు. మీకు సినిమా మీద ప్రేమ ఉండి, బడ్జెట్ తక్కువైతే మళ్లీ విడుదలప్పటిదో, 11 × 14 అంగుళాల లాబీ కార్డో (థియేటర్ లాబీలో పెట్టే చిన్న అట్ట పోస్టర్) కొనుక్కోండి. నేనైతే అదే చేశాను, రెబెకా లాబీ కార్డు కొనుక్కున్నాను. ఆ సినిమాలో రెబెకా అనే ఆమె తెరమీద ఒక్కసారీ కనిపించదు, అయినా కథ జరిగే ఆ ఇంటి నిండా ఆమే. ఆ లాబీ కార్డు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

పోస్టర్‌ను గుడ్డ మీద అతికించి ఉంటే, అంటే లినెన్ బ్యాకింగ్ చేయించి ఉంటే, వెనక వైపు కనిపించదు. అప్పుడు అతికించక ముందు తీసిన ఫోటోలు అడగండి. అవి లేవంటే, నేనైతే అంత డబ్బు పెట్టను.

ఇంకొకటి, కొన్నాక జాగ్రత్త. విశాఖ వచ్చాక ఒక లాబీ కార్డును అద్దానికి ఆనించి ఫ్రేము కట్టారు. సముద్రం గాలి తేమకు అది అద్దానికి అంటుకుపోయి, తీస్తుంటే మూల చిరిగింది. అద్దానికీ కాగితానికీ మధ్య యాసిడ్ లేని అట్ట మౌంట్ పెట్టమని దగ్గరుండి చెప్పండి, ఎండ పడని గోడకు తగిలించండి.