పది మెషీన్ల ప్యాకేజీ వద్దు, ఒక్కటి కొనండి

“ఉద్యోగం చేసుకుంటూనే పక్కన క్యాండీ వెండింగ్ మెషీన్లు, అంటే నాణెం వేసి పిడి తిప్పితే మిఠాయి వచ్చేవి, పెడదామనుకుంటున్నాను. ఒక కంపెనీ పది మెషీన్లు, స్టాండ్లు, మొదటి సరుకు, పెట్టడానికి చోట్లు అన్నీ కలిపి ప్యాకేజీగా ఇస్తానంటోంది. తీసుకోవచ్చా? నెలకు ఎంత మిగులుతుంది?” అని అడిగారు.

తీసుకోకండి. ఆ డబ్బులో కొంచెం పెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఒకే ఒక్క మెషీన్ కొనండి. ఇనుప బాడీ ఉన్నది, తాళం సరిగ్గా పడేది చూసుకోండి. తాళంచెవి పోయిన మెషీన్ చవగ్గా వస్తుందని ఆశపడొద్దు, తాళం మార్చడమే ఒక పెద్ద పని. దాన్ని మూడు నెలలు నడపండి. రెండోదాని సంగతి ఆ తర్వాత ఆలోచిద్దురుగాని. నేను ఇలా మొదలుపెట్టలేదు, ఒకేసారి ఎనిమిది కొన్నాను. ఆరేళ్లుగా ఈ పనిలో ఉండి చెప్తున్నాను, ఎనిమిది కొనడం తప్పే.

నెలకు ఎంత మిగులుతుందంటే నా లెక్కే చెప్తాను. మొదటి ఏడాది వచ్చిన డబ్బులో సగానికి పైగా రెండు మెషీన్ల నుంచే వచ్చింది. ఇంకో మూడు పర్వాలేదు. మిగతా మూడింటి దగ్గరికి వెళ్లిరావడానికి అయిన పెట్రోలు ఖర్చు కూడా రాలేదు. మెషీన్లన్నీ ఒకటే రకం, సరుకు ఒకటే, చూసుకున్నది నేనే. తేడా అంతా చోటులో ఉంది. అందుకే ఎవరైనా కాగితం తీసుకుని ‘మెషీన్‌కు రోజుకు పదిమంది, పది మెషీన్లకు వందమంది, నెలకు మూడు వేల నాణేలు’ అని గుణించి చూపిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. రోజుకు పదిమంది తిప్పే మెషీన్ నా దగ్గర ఈ ఆరేళ్లలో ఒక్కటే ఉంది. ప్యాకేజీ అమ్మేవాడు అన్ని మెషీన్లూ అలాంటివే అన్నట్టు లెక్క వేస్తాడు.

ఈ గుణకారం మోసం ఇప్పటిది కూడా కాదు. అమెరికాలో 1998లో, వ్యాపార మోసాలను అరికట్టే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రాష్ట్రాల అధికారులతో కలిసి, ‘ఆపరేషన్ వెండ్ అప్ బ్రోక్’ అని పేరు పెట్టి మరీ ఇలాంటి వెండింగ్ ప్యాకేజీలు అమ్మేవాళ్ల మీద చర్యలు తీసుకుంది. 2012 నుంచి అక్కడ అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఇలాంటి వ్యాపార అవకాశం అమ్మేవాళ్లు సంతకం పెట్టించుకోవడానికీ డబ్బు తీసుకోవడానికీ కనీసం 7 రోజుల ముందే వివరాల పత్రం చేతికివ్వాలి. ఇంత సంపాదిస్తారని చెప్తే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి, దానికి ఆధారాలు కూడా ఉండాలి. మీరు ఏ దేశంలో ఉన్నా సరే, ఆ కంపెనీని ఈ రెండూ అడిగి చూడండి. వారం రోజులు టైమివ్వండి, మీరన్న లెక్క కాగితం మీద రాసివ్వండి అనండి. ‘ఈ ఆఫర్ ఇవాళ్టివరకే’ అన్నారంటే ఇంకేం మాట్లాడకుండా లేచి వచ్చేయండి.

ఇక చోటు గురించి. జనం బాగా తిరిగే చోటు కావాలని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. జనం ఆగే చోటు కావాలి. నా దగ్గర చచ్చిపోయిన మూడు మెషీన్లలో రెండు బాగా రద్దీగా ఉండే షాపుల గుమ్మాల్లోనే ఉండేవి. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు, ఎవరూ ఆగి జేబులో చెయ్యి పెట్టరు. బట్టలు ఉతుక్కునే లాండ్రీ, మంగలి షాపు, బండి రిపేరు షాపులో కూర్చునే గది, ఇలాంటి చోట అరగంట ఏమీ తోచక కూర్చుంటారు, పక్కన పిల్లలుంటారు. మెషీన్ తిరిగేది అక్కడ. 1888లో థామస్ ఆడమ్స్ కంపెనీ న్యూయార్క్‌లో గమ్ అమ్మే మెషీన్లు పెట్టింది కూడా రైలు ప్లాట్‌ఫారాల మీదే. రైలు కోసం నిలబడ్డవాడికి వేరే పనేముంటుంది? ఈ వ్యాపారం కిటుకు అప్పటినుంచీ అదే.

అయితే మంచి చోటు దొరికినా పాడుచేసుకోవచ్చు. నా సంగతి చెప్తాను, ఎందుకంటే మీకు ఈ విషయం ఏ ప్యాకేజీ వాళ్లూ చెప్పరు.

నా మొదటి వేసవి. టైర్లు మార్చే షాపులో, కస్టమర్లు కూర్చునే గదిలో, పడమటి కిటికీ పక్కన ఒక మెషీన్ పెట్టాను. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కూడా రంగురంగుల గింజలు కనిపిస్తాయని ఎంతో మురిసిపోయి ఆ చోటు ఎంచుకున్నాను. అందులో పోసింది చక్కెర పూత ఉన్న చాక్లెట్ గింజలు. పైన పూత ఉంది కదా, కరగవులే అనుకున్నాను. చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన ఒంటి వేడి కంటే తక్కువలో. మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకే దాకా నేరుగా ఎండ పడే గోళం (మెషీన్ పైన సరుకు పోసే పారదర్శకమైన డబ్బా) లోపల ఎంత వేడి ఉంటుందో నాకు తట్టలేదు.

పైగా ఆరు వారాలు అటు వెళ్లలేదు. ఉద్యోగంలో పని ఎక్కువైంది, ‘మెషీన్ కదా, దాని పని అది చేసుకుంటుంది’ అని వదిలేశాను. వెళ్లేసరికి నాణెం వేసే చోట తెల్ల టేపు అడ్డంగా అంటించి ఉంది. కౌంటర్ వెనక పెద్దాయన కోప్పడలేదు. సొరుగులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. పెన్సిలుతో గీసిన గీతలు, ఐదేసి చొప్పున కట్టలు. నాలుగు కట్టలు, పైన మూడు. పిల్లలు నాణెం వేసి, పిడి తిప్పి, ఏమీ రాక ఏడుపు మొహం పెడితే ఆయన తన గల్లాలోంచి తీసి ఇచ్చిన నాణేల లెక్క అది. ఇరవై మూడు.

“నీకు ఫోన్ చేద్దామంటే మెషీన్ మీద నంబర్ లేదు బాబూ. ఆ రోజు చీటీ మీద రాసిచ్చావు, అదెక్కడ పెట్టానో,” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇరవై మూడు నాణేలూ లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టి, మెషీన్ విప్పాను. గోళం ఎత్తితే అడుగున గింజలన్నీ ఒకటే ముద్ద. పూత పగిలి చాక్లెట్ బయటికొచ్చి, రాత్రి చల్లబడి గట్టిపడి, మర్నాడు మళ్లీ మెత్తబడి, రోజూ ఇదే వరస. కింద ఒక చక్రం ఉంటుంది, దానికి గుంటలుంటాయి. పిడి తిప్పినప్పుడల్లా ఒక గుంటలో సరుకు జారి బయటికి వస్తుంది. ఎక్కువ గింజలు పడకుండా ఆపడానికి గుంట పైన చిన్న బ్రష్ ఉంటుంది. ఆ బ్రష్ పోచలన్నీ చాక్లెట్‌లో కూరుకుపోయి చెక్కలా బిగుసుకుపోయాయి. గుంటల్లో ముద్ద కదలదు. కానీ పిడి మాత్రం తిరుగుతోంది, నాణెం లోపలికి పడుతోంది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేసేది అదే. ఇరవై మూడు మంది పిల్లల దగ్గర డబ్బు తీసుకుని ఏమీ ఇవ్వలేదు.

ఆ షాపు వెనక సింకులో వేడినీళ్లతో రెండు గంటలు కడిగాను. చక్రం, బ్రష్, సరుకు జారే దారి, బయట ఉండే చిన్న తలుపు, అన్నీ విడివిడిగా. కడిగాక తడి లేకుండా తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఒక్క చుక్క నీళ్లు మిగిలినా చక్కెర తడిసి మళ్లీ ముద్ద కడుతుంది. నేను మెషీన్ తీసుకెళ్లిపోదామని స్టాండు ఎత్తుతుంటే పెద్దాయన ఆపి, కౌంటర్ పక్కన నీడలో చోటు చూపించాడు. “ఇక్కడ పెట్టు, నా కళ్ల ముందుంటుంది,” అన్నాడు. ఇందాక చెప్పిన రెండు మంచి మెషీన్లలో అది ఒకటి. ఇప్పటికీ అక్కడే ఉంది. పొద్దున షాపు తెరిచి కౌంటర్ తుడిచేటప్పుడు ఆయనే గోళం కూడా ఓసారి తుడుస్తాడు.

ఆ రోజునుంచి ప్రతి మెషీన్ మీదా నా ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో అంటించాను. డబ్బు పోతే ఫోన్ చేయండి, ఇస్తాను అని రాశాను. కనీసం పదిహేను రోజులకోసారి ప్రతిదాని దగ్గరికీ వెళ్తాను. సరుకు ఇంకా ఉన్నా సరే వెళ్తాను. ‘పాసివ్ ఇన్‌కమ్, మీరు నిద్రపోతున్నా డబ్బు వస్తుంది’ అని వీడియోలు చేసేవాళ్లు ఒక్కసారి బ్రష్‌లోంచి చాక్లెట్ పుల్లతో తీసి చూడాలి. ఇది తిరిగే వ్యాపారం, తుడిచే వ్యాపారం. గోళం మీద వేలిముద్రలు, జారే దారిలో దుమ్ము కనిపిస్తే ఏ తల్లి పిల్లాడిని తినమంటుంది?

మొదటి సరుకుగా బబుల్ గమ్ గోళీలే పెట్టండి. ఎండకు చాక్లెట్‌లా కరిగిపోవు, చాలాకాలం నిలవుంటాయి. ఇంకో పెద్ద లాభం లెక్క. అంగుళం సైజు గోళీలు పెట్టెకు 850 చొప్పున వస్తాయి. ఒక నాణేనికి ఒక గోళీ. పెట్టె ఖాళీ అయితే 850 నాణేలు ఉండాలి, లేకపోతే ఎక్కడో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. చిన్న గింజలైతే గుంటకు పన్నెండు పడ్డాయో పదిహేను పడ్డాయో ఎవరికి తెలుసు? చక్రం దగ్గర సర్దుబాటు కొంచెం వదులైతే లాభం మొత్తం దాంట్లోనే పోతుంది. వేరుశనగ పప్పు ఉన్నవి నేను అసలు పెట్టను. నూనె ముక్కిపోయిన వాసన వస్తుంది, అలర్జీ ఉన్న పిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. ఒకసారి పప్పు పోసిన మెషీన్‌లో, కడిగినా సరే, ఇంకోటి పోయను. గోళీలు కూడా మరీ చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడతాయి. ఆ హెచ్చరిక మెషీన్ మీద తప్పకుండా ఉండాలి, కిందికి కాదు, పెద్దవాళ్ల కంటికి కనిపించే ఎత్తులో.

షాపు వాళ్లకు నేను నాలుగో వంతు ఇస్తాను. నాణేలు వాళ్ల ఎదురుగానే తీసి, తూకం వేసి, అప్పటికప్పుడు ఇచ్చేస్తాను. ఒకే రకం నాణేలకు తూకమే సులువు. అమెరికా క్వార్టర్, అంటే పావు డాలర్ నాణెం, 5.67 గ్రాములుంటుంది, పౌండు బరువుకు సరిగ్గా 80 తూగుతాయి. మీ మెషీన్‌లో పడే నాణెం బరువు ఒకసారి చూసి పెట్టుకుంటే చాలు, ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఇంటికి పట్టుకెళ్లి లెక్కపెట్టి తర్వాత ఇస్తానంటే ఎంత మంచివాళ్లకైనా అనుమానం వస్తుంది.

షాపు వాళ్లకిచ్చే ఈ వాటా మిగుల్చుకోవడానికి కొందరు వేసే ఎత్తు ఒకటుంది, అది నాకు అస్సలు నచ్చదు. మెషీన్ మీద జబ్బు చేసిన పిల్లల కోసం పనిచేసే ఏదో సేవాసంస్థ స్టిక్కర్ అంటిస్తారు. సంస్థకు మెషీన్‌కు ఇంతని నెలకు ఒక చిన్న మొత్తం కడతారు, షాపు వాళ్లకు మాత్రం ‘ఇది సేవ కోసం అండీ’ అని చెప్పి వాటా ఎగ్గొడతారు. నాణెం వేసేవాళ్లు అదంతా జబ్బు చేసిన పిల్లలకే పోతుందనుకుంటారు. చట్టప్రకారం ఒప్పందం ఉండొచ్చు గాక, నాకు మాత్రం అది పిల్లల పేరు చెప్పి చేసే అబద్ధంలాగే ఉంటుంది. మీరు నిజంగా ఇవ్వాలనుకుంటే స్టిక్కర్ మీదే ఎంత ఇస్తున్నారో అంకెతో రాయండి.

అలాగే చోట్లు వెతికిపెడతామని మెషీన్‌కు ఇంతని వసూలు చేసేవాళ్లూ ఉన్నారు. నేను ఒకసారి ఇచ్చాను. ఫోన్లోనే ఎవరో ఒకరిని ఒప్పించి చిరునామా పంపించారు. వెళ్తే ఆ గదిలో కుర్చీ కూడా లేదు. చోటు మీరే వెళ్లి అడగాలి. మొదటి ఐదారుగురు వద్దంటారు, సిగ్గుపడితే కుదరదు. నేనైతే ముందు అక్కడ ఏదో ఒక పని చేయించుకుని, కాసేపు కూర్చుని, ఆ తర్వాత అడుగుతాను. తినే వస్తువు కాబట్టి అనుమతి, పన్ను ఎలా ఉంటాయో మీ ఊరి ఆఫీసులో ముందే కనుక్కోండి. అది చోటును బట్టి మారుతుంది.

జనం చేతిలో చిల్లర తగ్గిపోతోందన్న టెన్షన్ నాకూ ఉంది. అందుకే నాణేలు ఇంకా చేతులు మారే చోట్లే చూసుకుంటున్నాను. కార్డుతో నడిచే పరికరం ఒక చిన్న గోళీల మెషీన్‌కు తగిలిస్తే దాని ఖర్చు రాబట్టడం కష్టం.

ఆ కంపెనీ మీకు చోట్ల చిరునామాలు చూపించిందో లేదో మీరు రాయలేదు. చూపిస్తే అందులో ఒకదానికి శనివారం సాయంత్రం వెళ్లి గంటసేపు కూర్చోండి. ఎంతమంది వచ్చారు, అందులో ఎంతమంది ఐదు నిమిషాలకంటే ఎక్కువ ఆగారు, పిల్లలు ఎంతమంది, రాసుకోండి. కిటికీ ఏ దిక్కున ఉందో కూడా చూడండి. ఆ లెక్క ఇక్కడ కింద పెట్టండి, చూసి చెప్తాను.