బతుకమ్మ మూడు వరుసలకే ఒరిగిపోతుంటే

అక్కా, దసరా సెలవులల్ల పిల్లలతోని ఇంట్లనే ఆఖరిదైన సద్దుల బతుకమ్మ పేర్చాలె, కానీ పోయినేడు మూడు వరుసలకే ఒరిగిందని రాసిన్రు. తప్పు పువ్వులది కాదు, నడుమ నింపుడుది. నడుమ బోలుగ వదిలేస్తే కాడలకు ఆసరుండదు, వరుసలు లోపలికి కుంగుతయి. సిబ్బిల, అంటే వెడల్పు పళ్లెంల, గుమ్మడాకులు పరిచి, ఒక్కో వరుస కాంగనె తంగేడాకు, తెంపిన కాడలు నింపి అరచేత్తో గట్టిగ అదమండి. నడుమ అంచుతోని సమానంగ వచ్చినంకనే పై వరుస, అది అర అంగుళం లోపలికి.

గునుగు పువ్వులు ముందురోజే కట్టలు కట్టి, కొసలు రంగునీళ్లల్ల ముంచి నీడకు ఆరబెట్టండి. తడి ఉంటే రంగు పక్కపూలకు అంటుతది. ఈ కట్టలు కట్టే పని పిల్లలకే ఇయ్యండి, మస్తు ఇష్టంగ చేస్తరు. తంగేడు పువ్వు మాత్రం పేర్చే రోజు పొద్దుగాలనే తెంపాలె, నిన్నటిదైతే రెక్కలు రాలుతయి.

పండుగల ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు గద, తీరిక ఉంటది. ఆఖరి రోజు నైవేద్యం పెట్టే సద్దులకు నువ్వులు, పల్లీలు ఆ ఆరో రోజే వేయించి పొడులు కొట్టుకోండి.