పాఠకుల ప్రశ్నలు: నెలల వరుస, రెండో యాక్సిస్, కుదరని శాతం

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పవర్ బీఐ, టాబ్లో, ఎక్సెల్ వంటి సాఫ్ట్‌వేర్లలో చార్టులు తయారుచేయడం గురించినవే. చార్టు సరిగ్గా రాకపోతే చాలామంది వెంటనే ఫార్మాట్ ప్యానెల్ తెరిచి, రంగులూ అక్షరాల సైజులూ మారుస్తూ గంటలు గడుపుతున్నారని ఆ ప్రశ్నలను బట్టి తెలుస్తోంది. నిజానికి పొరపాటు అంతకంటే ముందే, ఫీల్డు (డేటాలోని కాలమ్) రకంలోనో, లెక్క కట్టిన పద్ధతిలోనో దొర్లి ఉంటుంది. అందుకే జవాబుల్లో చాలా చోట్ల డేటా దగ్గరికే వెళ్లవలసి వచ్చింది.

ప్రశ్న: పవర్ బీఐలో నెలవారీ అమ్మకాలకు కాలమ్ చార్టు గీశాను. నెలలు ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు, ఫిబ్రవరి అనే వరుసలో వస్తున్నాయి. పేర్ల ముందు 01, 02 అని అంకెలు చేర్చమని సహోద్యోగి సలహా ఇచ్చారు. అంతకంటే మంచి మార్గం ఉందా?

జవాబు: ఉంది. మీ నెలల కాలమ్ టెక్స్ట్ రూపంలో ఉండటం వల్ల సాఫ్ట్‌వేర్ వాటిని మామూలు పదాలుగానే భావించి ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చింది. అదే టేబుల్లో 1 నుంచి 12 వరకు నెల సంఖ్య ఉండే మరో కాలమ్ చేర్చండి. తరువాత నెల పేరున్న కాలమ్‌ను ఎంచుకుని, పైన కాలమ్ టూల్స్‌లో కనిపించే ‘సార్ట్ బై కాలమ్’ నొక్కి, నెల సంఖ్యను చూపించండి. ఆ తరువాత కూడా వరుస మారకపోతే, చార్టు అమ్మకాల విలువను బట్టి పేర్చబడి ఉందన్నమాట. చార్టు మూలన ఉన్న మూడు చుక్కల్లోకి వెళ్లి, సార్ట్ యాక్సిస్‌లో నెలను ఎంచుకుని, ఆరోహణ క్రమం పెట్టండి.

ఇక్కడ చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. నెల సంఖ్యకు బదులు 202401, 202501 వంటి సంవత్సరంతో కలిసిన సంఖ్యను ఇస్తే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, ఎందుకంటే ‘జనవరి’ అనే ఒకే పేరుకు రెండు వేర్వేరు స్థానాలు ఇచ్చినట్టవుతుంది. ఈ ఎర్రర్ వచ్చినప్పుడు విసుగు చెందకుండా ఒక్క క్షణం ఆలోచించండి, అది మీకు మేలే చేస్తోంది. మీ డేటాలో రెండు సంవత్సరాలు ఉండి, చార్టు అడుగున వట్టి నెల పేర్లే ఉంటే, రెండు జనవరుల అమ్మకాలూ ఒకే బారులో కలిసిపోయి, చూసేవారికి అది ఒక్క నెల అమ్మకంలా కనిపిస్తుంది. సంవత్సరాలు విడిగా కావాలంటే ‘2024 జనవరి’ తరహా పేర్లున్న కాలమ్ తయారుచేసి, దాన్ని 202401 తరహా సంఖ్యలతో పేర్చండి. అప్పుడు ఏ అభ్యంతరమూ రాదు.

అసలు అమ్మకం జరగని నెల సంగతి కూడా చూసుకోండి. టెక్స్ట్ యాక్సిస్ (పేర్లు వరుసగా ఉండే చార్టు అడుగు గీత) మీద అలాంటి నెల ఖాళీగా కనిపించదు, పూర్తిగా మాయమవుతుంది. మేనూ జూలై పక్కపక్కనే నిలబడి మధ్యలో ఏమీ జరగనట్టు అనిపిస్తుంది. అన్ని తేదీలూ ఉన్న ప్రత్యేకమైన తేదీల టేబుల్ పెట్టుకుని, యాక్సిస్ మీది ఫీల్డుకు ‘షో ఐటమ్స్ విత్ నో డేటా’ ఎంచుకుంటే ఆ నెల తన చోట తాను కనిపిస్తుంది. పేర్ల ముందు అంకెలు చేర్చే పద్ధతి వరుసను సరిచేస్తుందే గాని ఈ రెండు లోపాలనూ అలాగే ఉంచేస్తుంది.

ప్రశ్న: మా పై అధికారి అమ్మకాలూ లాభ శాతమూ ఒకే చార్టులో, ఎడమవైపు ఒక స్కేలు, కుడివైపు మరొక స్కేలుతో కావాలంటున్నారు. చార్టు తయారైంది గాని, లాభం గీత అమ్మకాల బార్లను దాటి పైకి వెళ్లిన చోట ‘ఇక్కడేం జరిగింది?’ అని అందరూ అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?

జవాబు: అక్కడ ఏమీ జరగలేదనే చెప్పాలి. డబ్బును కొలిచే స్కేలుకూ శాతాన్ని కొలిచే స్కేలుకూ మధ్య ఏ సంబంధమూ లేదు కాబట్టి, గీత బారును ఎక్కడ దాటుతుందన్నది మీరు పెట్టిన కనిష్ఠ, గరిష్ఠ విలువల మీదే ఆధారపడి ఉంటుంది. లాభం 8 శాతం నుంచి 9 శాతానికి పెరిగిందనుకోండి. కుడి యాక్సిస్‌ను 0 నుంచి 20 వరకు పెడితే గీత దాదాపు సమంగా సాగుతుంది; 7.5 నుంచి 9.5 వరకు పెడితే అదే గీత నిటారుగా ఎగబాకుతుంది. ఒకే డేటాతో రెండు కథలు చెప్పగలిగిన చార్టును సమావేశంలో ప్రదర్శించడం నాకు సమ్మతం కాదు.

దీనికి బదులు రెండు చార్టులను ఒకదాని కింద ఒకటి, ఒకే వెడల్పుతో, ఒకే నెలల యాక్సిస్‌తో పెట్టండి. పైన అమ్మకాల బార్లు, కింద లాభ శాతం గీత. ఏ నెలలో రెండూ కలిసి కదిలాయో, ఏ నెలలో విడిపోయాయో కన్ను పై నుంచి కిందికి దిగుతూ సులభంగా పట్టుకుంటుంది. టాబ్లోలో ‘సింక్రొనైజ్ యాక్సిస్’ అనే ఎంపిక ఉంది గాని, రెండు కొలతలకూ యూనిట్ ఒకటే అయినప్పుడు, ఉదాహరణకు ఈ ఏడాది అమ్మకాలూ లక్ష్యమూ అయినప్పుడు, మాత్రమే అది ఉపయోగపడుతుంది. పై అధికారి ఎంతకీ ఒప్పుకోకపోతే, ప్రతి యాక్సిస్ శీర్షికకూ దానికి చెందిన బారు లేదా గీత రంగే ఇవ్వండి, ఏది ఏ స్కేలుదో వెతుక్కునే పనైనా తప్పుతుంది.

స్కేలు గురించి మరో మాట. బార్ల యాక్సిస్ సున్నా నుంచే మొదలవ్వాలి. విలువలు 96, 98 అయి యాక్సిస్ 95 దగ్గర మొదలైతే, మొదటి బారు పొడవు 1, రెండోదాని పొడవు 3 అవుతుంది. అసలు తేడా సుమారు 2 శాతమే అయినా కంటికి మూడు రెట్లు కనిపిస్తుంది. గీతలో మనం చూసేది పొడవును కాదు, ఎత్తుపల్లాలను కాబట్టి దానికి ఈ నియమం అంత కఠినంగా వర్తించదు. డ్యాష్‌బోర్డులో మరొకటి గమనించండి: యాక్సిస్‌ను ఆటోలో వదిలేస్తే, ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ స్కేలు కూడా మారిపోతుంది. ఒక విభాగం చూసి ఇంకో విభాగానికి వెళ్లినవారు బార్లు ఒకే ఎత్తులో ఉన్నాయి కదా అని అమ్మకాలూ సమానమే అనుకుంటారు. గరిష్ఠ విలువను స్థిరంగా ఇస్తే ఆ ప్రమాదం పోతుంది, కానీ రేపు విలువలు దాన్ని మించితే బార్లు తెగిపోతాయి. పవర్ బీఐలో గరిష్ఠ విలువ పక్కనున్న ఎఫ్‌ఎక్స్ గుర్తు ద్వారా ఆ విలువను ఒక మెజర్ (డేటా మీద అప్పటికప్పుడు లెక్క కట్టే సూత్రం) నుంచి తీసుకునేలా చేయవచ్చు. కాస్త శ్రమ అయినా, ఆ దారే మేలు.

ప్రశ్న: రెండు విభాగాల లాభ శాతాలు 10, 50. చార్టులో సగటు గీత 30 దగ్గర వస్తోంది, అకౌంట్స్ వాళ్ల లెక్క మాత్రం 13.6 అంటోంది. ఎవరిది సరైనది?

జవాబు: అకౌంట్స్ వారిదే. 10, 50 ఎలా వచ్చాయో చూడండి. మొదటి విభాగం అమ్మకాలు 1,000, లాభం 100. రెండోదాని అమ్మకాలు 100, లాభం 50 అనుకుందాం. మొత్తం అమ్మకాలు 1,100, మొత్తం లాభం 150, అంటే 13.6 శాతం. మీ చార్టు ఏ విభాగం ఎంత పెద్దదో చూడకుండా రెండు శాతాలను కూడి రెండుతో భాగించింది. శాతాన్ని డేటాలో ఒక కాలమ్‌గా దాచుకుని సగటు తీసినంతకాలం ఇలాగే వస్తుంది. ముందు లాభాలన్నీ కూడాలి, అమ్మకాలన్నీ కూడాలి, ఆ తరువాతే భాగహారం చేయాలి. పవర్ బీఐలో దీనికోసం డివైడ్ ఫంక్షన్‌తో ఒక మెజర్ రాయండి. టాబ్లోలో రెండు ఫీల్డులకూ సమ్ పెట్టి భాగించే క్యాలిక్యులేటెడ్ ఫీల్డు తయారుచేయండి. ఎక్సెల్ పివట్ చార్టులో క్యాలిక్యులేటెడ్ ఫీల్డు మొత్తాల మీదే లెక్కిస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది ఉండదు. ఇలా రాసిన మెజర్ నెలవారీ చార్టులోనూ, విభాగాల చార్టులోనూ, మొత్తం చూపే కార్డులోనూ సరైన సంఖ్యనే ఇస్తుంది.

ప్రశ్న: పద్నాలుగు ఉత్పత్తుల వాటాలకు ‘పై’ చార్టు (వృత్తాన్ని ముక్కలుగా చేసి చూపేది) వేశాను. లేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రంగులు కూడా సరిపోవడం లేదు.

జవాబు: లేబుళ్లను సర్దే ప్రయత్నం మానుకుని చార్టునే మార్చండి. విలియం ప్లేఫేర్ 1801లో ‘పై’ చార్టును పరిచయం చేసినప్పటి నుంచీ అది అందరికీ ఇష్టమైనదే, కానీ కోణాలను పోల్చడం కంటికి కష్టం. ఒకే స్కేలు మీది స్థానాలను మనిషి కోణాల కంటే కచ్చితంగా పోల్చగలడని గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ప్రచురించిన పరిశోధన చూపించింది. అడ్డంగా ఉండే బార్ చార్టు తీసుకుని, పెద్ద విలువ పైన ఉండేలా పేర్చండి. పొడవైన పేర్లకు కూడా చోటు దొరుకుతుంది. రంగులు పద్నాలుగు అక్కర్లేదు: అన్ని బార్లకూ ఒకే బూడిద రంగు, మీరు మాట్లాడబోయే ఉత్పత్తికి మాత్రం ముదురు నీలం. మంచికి ఆకుపచ్చ, చెడుకు ఎరుపు వాడే అలవాటుంటే, ఆ రెండింటినీ వేరుచేసి చూడలేనివారు పురుషుల్లో తక్కువేమీ కాదని గుర్తుంచుకుని, నీలమూ నారింజా వాడండి.

ప్రశ్న: డేటా లేబుళ్లలో సంఖ్యలు కుదించి, పక్కన కే (వేలు), ఎమ్ (మిలియన్లు) అనే అక్షరాలతో వస్తున్నాయి. పూర్తి సంఖ్య కావాలి.

జవాబు: పవర్ బీఐలో అయితే ఫార్మాట్ ప్యానెల్‌లో డేటా లేబుల్స్ కింద ఉన్న డిస్‌ప్లే యూనిట్స్‌ను ‘ఆటో’ నుంచి ‘నన్’ (None)కు మార్చండి. యాక్సిస్‌కు కూడా ఇదే అమరిక విడిగా ఉంటుంది, దాన్నీ మార్చాలి. పూర్తి సంఖ్యలు బార్ల మీద ఇరుకైతే లేబుళ్లను కుదించిన రూపంలోనే ఉంచి, పూర్తి సంఖ్యను టూల్‌టిప్‌లో (బారు మీద మౌస్ పెట్టినప్పుడు కనిపించే చిన్న పెట్టెలో) చూపించండి.