ఎండాకాలం ఉపవాసాల గురించి బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

రాజమహేంద్రవరం,
ఉగాది మర్నాడు, 2026.

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న ఫోన్‌లో ఉగాది పచ్చడి సంగతులు మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఈ ఏడు ఎండాకాలం ఉపవాసాలన్నీ చేస్తాను పెద్దమ్మా, నిర్జల ఏకాదశితో సహా" అని చల్లగా చెప్పి పెట్టేశావు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే ఊఁ కొడుతూ ఇంకో పని చేసుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. చెయ్యొద్దని చెప్పడానికి కాదులే. నలభై ఏళ్ళుగా చేస్తున్నదాన్ని, ఒకసారి చావు తప్పి కన్ను లొట్టపోయినదాన్ని కాబట్టి ఎలా చెయ్యాలో చెబుతాను.

ముందు తేదీ సరిచేసుకో. నువ్వు పంపిన ఫోటోలో క్యాలెండర్ మీద మే 27 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టావు. అది జ్యేష్ఠ శుద్ధ ఏకాదశే గానీ అధిక జ్యేష్ఠం తల్లీ. ఈ పరాభవ నామ సంవత్సరంలో జ్యేష్ఠాలు రెండు. మే 17 నుంచి జూన్ 15 దాకా అధికం, ఆ తర్వాతది నిజం. నిర్జల ఏకాదశి నిజ జ్యేష్ఠంలో, జూన్ 25న వస్తుంది. మే 27న వచ్చేదాన్ని పద్మిని ఏకాదశి అంటారు. ఆ రోజూ ఉపవాసం ఉండొచ్చు, కానీ మంచినీళ్ళు మానాల్సిన పని లేదు. అప్పటికి రోహిణి కార్తె వచ్చి రెండు రోజులవుతుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని ఊరికే అన్నారా? ఆ ఎండలో గొంతు తడుపుకోకుండా స్కూటీ మీద ఆఫీసుకెళ్ళి వస్తావేమోనని నా భయం. జూన్ 25 నాటికైతే మృగశిర దాటి ఆరుద్ర కార్తెలో ఉంటాం, నాలుగు చినుకులు పడే ఆశ ఉంటుంది. అధికమాసం పుణ్యమా అని ఈ ఏడు మనకి దొరికిన వెసులుబాటు ఇది.

ఇక నా కథ. మా పెద్దాడికి మూడేళ్ళప్పటి మాట. ఉమ్మడి కాపురం, ఇంటినిండా సెలవులకొచ్చిన పిల్లలు. నిర్జల ఏకాదశి చేస్తానని ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాను. నాకు పంతమెక్కువని మీ అమ్మ చెప్పే ఉంటుంది. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ముట్టకపోతే పోయె, ఓ మూల కూర్చుని జపం చేసుకున్నానా? లేదు. పన్నెండు మందికి వండాను, పప్పు రుబ్బాను, మూడింటికి గిన్నెలు తోముదామని బావి దగ్గరికి వెళ్ళాను. అంతకు గంట ముందే చెమట పట్టడం మానేసింది. అదేదో హాయిగానే ఉందనుకున్నాను చూడు, అదీ నా తెలివి! చేతిలోంచి చెంబు జారి గచ్చు మీద పడిన చప్పుడు విన్నాను. అంతే.

కళ్ళు తెరిచేసరికి వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. మా అత్తగారు నా నెత్తి మీద తడిగుడ్డ వేసి విసురుతున్నారు. బాగా తెలివొచ్చాక మావగారు ఉప్పేసిన మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చారు. నేను పళ్ళు బిగించి "వ్రతం" అన్నాను. ఆయన కోప్పడలేదు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని "ఆపో మూలం ఫలం పయః" అని శ్లోకం ఎత్తుకున్నారు. భారతం ఉద్యోగపర్వంలోది. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు, ఈ ఎనిమిదింటివల్లా వ్రతభంగం కాదని దానర్థం. "లెక్కలో మొట్టమొదటిది నీళ్ళేనమ్మా, చిట్టచివరిది మందు. ఈ మజ్జిగ ఇప్పుడు నీకు రెండూను. తాగు" అన్నారు. తాగాను. వ్రతం పోయిందన్న దిగులు మాత్రం వారం రోజులు పోలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

భీముడి కథ నీకు తెలిసిందే. కడుపులో వృకమనే అగ్ని ఉన్నవాడు గనక వృకోదరుడు. ఏకాదశి ఏకాదశికీ పస్తుండలేనని మొరపెట్టుకుంటే, ఏడాదికి ఈ ఒక్కటీ నీళ్ళు కూడా లేకుండా చెయ్యి, మిగతావాటి ఫలమూ దక్కుతుందని వ్యాసులవారు దారి చూపించారు. కష్టపడేవాడికి ఇచ్చిన సడలింపు అది. దాన్ని మనం పరీక్షలా చేసుకుని కూర్చున్నాం.

అందుకని నువ్వు ఈ ఏడు నిర్జలం పెట్టుకోకు. మొదటి ఏడు నీళ్ళు, మజ్జిగ, పళ్ళతో ఉండు. శరీరం ఎంత ఓర్చుకుంటుందో తెలుస్తుంది. వచ్చే ఏడు నిర్జలం చెయ్యాలనిపిస్తే ఆ రోజు సెలవు పెట్టి నీడపట్టున ఉండు. సూర్యోదయం నుంచి మర్నాడు సూర్యోదయం దాకా లెక్క, అంటే రాత్రి కూడా నీళ్ళుండవు. ఇది ముందే తెలుసుకోక సాయంత్రం నక్షత్రం చూసి తాగేద్దామనుకునేవాళ్ళున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు, పసిపిల్లల తల్లులు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అసలు తలపెట్టకూడదు. మీ అత్తగారు బీపీ మాత్రలు వేసుకుంటారు కదా, మామూలు ఉపవాసానికైనా డాక్టరుని అడగకుండా మాత్ర మానకూడదని ఆవిడకి నా మాటగా చెప్పు.

ఉపవాసం దశమి నాడే మొదలవుతుందని గుర్తుంచుకో. జ్యేష్ఠ శుద్ధ దశమి గంగ భూమికి దిగిన రోజు, దశపాపహర దశమి. మేమైతే ఆ పొద్దున్నే పుష్కరాల రేవులో మూడు మునకలు వేసి వస్తాం. ఆ రోజంతా నీళ్ళు కాస్త కాస్తగా తాగుతూ ఉండు, రాత్రి ఒక్కసారే చెంబెత్తి పట్టిస్తే లాభం లేదు. రాత్రి అన్నంలోకి పెరుగు, పెసరకట్టు చాలు. కొత్తావకాయ జోలికి పోకు. మర్నాడు దాహంతో చంపేస్తుంది.

ఏకాదశి నాడు కాఫీ మీద బతికే ఉపవాసం మన ఇళ్ళలో ఒకటుంది. ఖాళీ కడుపున నాలుగు కాఫీలు, రాత్రికి దిబ్బరొట్టె, ఉప్మా, అరటికాయ బజ్జీలు. మధ్యాహ్నం వదిలిన అన్నం కన్నా రాత్రి ఫలహారం బరువెక్కువ! ఎండల్లో ఆ పని చెయ్యకు. పొద్దున కొబ్బరినీళ్ళు, పదింటికి పలచటి మజ్జిగ, మధ్యాహ్నం పుచ్చకాయో తాటిముంజలో, సాయంత్రం నానబెట్టిన సబ్జాగింజల నీళ్ళు. ముంజలు తొక్కతో తింటేనే చలవ అని మా అత్తగారు తొక్క తీయనిచ్చేవారు కాదు. రాత్రికి ఆకలేస్తే సగ్గుబియ్యం జావ కాచుకో. తలనొప్పి, కళ్ళు తిరగడం, పిక్కలు పట్టెయ్యడం, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా ఉపవాసం అక్కడితో ఆపు. లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకుని కొంచెం కొంచెం తాగు. చెంచా అంటే టీ చెంచా, కూర వడ్డించేది కాదు. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా ఇంటివైద్యం కట్టిపెట్టి ఆసుపత్రికి పదండి.

ద్వాదశి పారణ తొందరపడి చెయ్యకూడదు, ఆలస్యమూ చెయ్యకూడదు. ద్వాదశి తిథిలో మొదటి పావు భాగం హరివాసరం, అది దాటాక తినాలి. పంచాంగంలో చూసుకో, చాలాసార్లు అది తెల్లవారేలోపే అయిపోతుంది. తులసి తీర్థం, ఓ గ్లాసు మజ్జిగ, అరగంట ఆగి మెత్తటి అన్నం. పారణ అని గారెలు వండించుకుంటే పొట్ట ఊరుకోదు.

వచ్చే వారమే శ్రీరామనవమి. దానికి పస్తు కన్నా పానకం ముఖ్యం. మిట్టమధ్యాహ్నం అభిజిల్లగ్నంలో కల్యాణం పెట్టి, అయ్యీ కాగానే చేతిలో పానకం, వడపప్పు పెట్టారంటే, వడదెబ్బ సంగతి మన పెద్దవాళ్ళకి తెలియకనా? కప్పు బెల్లం కోరుకి నాలుగు కప్పుల చల్లటి కుండనీళ్ళు. పొయ్యి మీద పెట్టకు. కరిగాక పల్చటి గుడ్డలో వడకట్టు, బెల్లంలో ఇసుక తప్పకుండా ఉంటుంది. ఆపైన మిరియాలు, శొంఠి, ఏలకులు అప్పటికప్పుడు దంచి వెయ్యి. నైవేద్యానికి వడపప్పు వట్టిదే పెట్టి, మనం తినే ముందు మామిడికోరు, కొబ్బరి కలుపుకోవాలి. గంటన్నర కన్నా ఎక్కువ నానబెడితే ఈ వేడికి వాసనొస్తుంది. పోయినేడు మా వీధి పందిట్లో పొద్దున ఆరింటికి నానబోసిన పప్పు ఒంటిగంటకి పంచారు. ప్రసాదం పారేయలేక తిన్నవాళ్ళ అవస్థ రాముడికే తెలుసు.

గుడికి వెళ్ళేటప్పుడు చెప్పుల సంగతి చూసుకో. నాపరాళ్ళు పదకొండింటికే పెనం మీద అట్టులా కాలుస్తాయి. పీచుపట్టాలు పరిచిన దారినే నడువు, లేదా తెల్లవారుజామునే వెళ్ళిరా. తమ్ముడు హనుమాన్ దీక్ష తీసుకుని కొండగట్టుకి వట్టికాళ్ళతో నడుస్తానంటున్నాడట. తెలంగాణలో పెద్ద జయంతి వైశాఖ బహుళ దశమికి గనక సరిగ్గా కర్తరి ఎండల్లో పడుతుంది. రాత్రిపూట నడిచి పగలు చెట్టుకింద పడుకోమను. స్వామికి పగలూ రాత్రీ తేడా లేదు.

అక్షయ తృతీయకి బంగారం కొనాలా అని అడిగావు. డబ్బులుంటే ఎప్పుడైనా కొనుక్కో. మా చిన్నప్పుడు ఆ రోజు బంగారం మాట నేను వినలేదు. నీళ్ళు నింపిన కొత్తకుండ, విసనకర్ర, గొడుగు, చెప్పులు, మామిడిపళ్ళు, పెరుగన్నం, ఇవీ ఆ రోజు ఇచ్చేవి. వైశాఖమంతా అంతే, దేవుడికైనా మనిషికైనా చల్లదనమే కావాలి. సింహాచలంలో అప్పన్నస్వామి ఏడాదికి ఒక్కసారి ఆ రోజే చందనం ఒలిపించుకుని నిజరూపం చూపిస్తాడు. మళ్ళీ ఆ రాత్రే మూడు మణుగుల చందనం పూస్తారు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకి మూడేసి మణుగులు. అందరి ఉక్కా ఆయనకీ తెలుసన్నమాట.

మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చలివేంద్రం పెడతానన్నావే, అది నాకు నచ్చింది. నేనైతే ఉపవాసాల కన్నా దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. కాకపోతే ఇప్పుడు చూస్తున్నా కదా, మొదటి మూడు రోజులు ఫోటోలు, నాలుగో రోజు ఖాళీ కుండ, పదో రోజు దాంట్లో దోమపిల్లలు. మొదలుపెడితే ఏరువాక పున్నమి దాకా నడపాలి. ఈ ఏడు అది జూన్ 29. చెట్టునీడలో తడి ఇసుక గుట్టగా పోసి దాని మీద కుండ నిలబెట్టు, చుట్టూ గోనెగుడ్డ తడిపి కట్టు. గుప్పెడు వట్టివేళ్ళు కడిగి గుడ్డలో మూటకట్టి లోపల వేస్తే నీళ్ళకి వచ్చే వాసన నీకే తెలుస్తుంది. మూత ఉండాలి. తలా ఓ గ్లాసు ముంచకుండా పొడుగుకాడ గరిటె ఒకటి గొలుసుతో కట్టు. రాత్రి కుండ బోర్లించి కడిగి, మంచినీళ్ళు పోసి పెడితే పొద్దుటికి చల్లబడతాయి. వాచ్‌మన్‌కి చెప్పి వదిలెయ్యకు, వంతులేసుకోండి. పక్కనే ఓ మూకుడులో పిట్టలకి కూడా పోయి.

నృసింహ జయంతి మాత్రం నువ్వు ఆఫీసుకి వెళ్తూ కూడా హాయిగా చేసుకోవచ్చు. వైశాఖ శుద్ధ చతుర్దశి, ఈసారి ఏప్రిల్ 30. స్వామి వచ్చింది సంధ్యవేళ గనక పూజ అప్పుడే. పగలు నీళ్ళు, పళ్ళతో గడిపి, ఇంటికొచ్చి స్నానం చేసి పానకం నైవేద్యం పెట్టు. మంగళగిరిలో ఆయన భక్తులు పోసిన పానకంలో సగం తాగి సగం తిరిగిచ్చేస్తాడు. మీ ఇంట్లో ఆ సగం నువ్వు తాగు.

ఆవకాయకి కాయలు మన తోటమనిషి మే మొదటివారంలో తెస్తానన్నాడు. పదో తేదీ ఆదివారం పొద్దున్నకల్లా వచ్చెయ్యి, ముక్కలు కొట్టించేసరికి నువ్వుండాలి. ఆ రోజు ఏకాదశి కాదు, పంచాంగం చూశాకే రాస్తున్నాను. అల్లుడిగారికి, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ.