స్పీడ్ కెమెరాను పసిగట్టే పరికరం కొనాలా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా నేను వారంలో చాలా రోజులు శంషాబాద్ నుంచి పటాన్‌చెరుకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా కారులో వెళ్లివస్తుంటాను. అతివేగం పేరిట వరుసగా చలానాలు వస్తున్నాయి. ముందున్న స్పీడ్ కెమెరాను గుర్తించి హెచ్చరించే డిటెక్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో కనిపించింది. అది నిజంగా పనిచేస్తుందా? నాలాంటివారికి అవసరమా? — ఒక పాఠకుడు, శంషాబాద్

జవాబు: అవసరం లేదు. కొన్నా మీరు ఆశించిన పని అది చేయదు. ఎందుకో తెలియాలంటే ఆ పరికరం దేనిని పసిగడుతుందో ముందుగా చూడాలి.

డిటెక్టర్ ప్రధానంగా ఒక రేడియో రిసీవర్. రాడార్ గన్ రేడియో తరంగాలను వాహనం మీదికి పంపి, తాకి తిరిగివచ్చిన తరంగాల పౌనఃపున్యంలోని తేడాను బట్టి వేగాన్ని లెక్కగడుతుంది. ఆ తరంగాలు గురిపెట్టిన వాహనం దగ్గరే ఆగిపోకుండా చుట్టుపక్కలకు చెదిరిపోతాయి కనుక, ముందు వెళ్తున్న కారు మీద గన్ ప్రయోగించినప్పుడే వెనుక వస్తున్న కారులోని డిటెక్టర్ వాటిని అందుకుని మోగగలదు. ఈ పరికరాలకు పేరు తెచ్చిపెట్టింది రాడార్ గన్లు విరివిగా వాడే అమెరికా రోడ్లే.

మన ట్రాఫిక్ పోలీసులు ఎక్కువగా వాడేది లేజర్ గన్. రోడ్డు పక్కన ముక్కాలి స్టాండు మీద దానిని నిలబెట్టి, సిబ్బంది వాహనం నంబరు ప్లేటుకు గురిపెడతారు. అందులోంచి కంటికి కనిపించని పరారుణ కిరణం సెకనుకు వందల స్పందనలుగా వెళ్లి, ప్లేటును తాకి వెనక్కి వస్తుంది. ఒక్కొక్క స్పందన తిరిగి రావడానికి పట్టిన సమయం ఎలా తగ్గుతూ వస్తున్నదో చూసి, సెకనులో మూడో వంతు గడిచేసరికి గన్ వేగాన్ని తేల్చేస్తుంది, ఫోటో కూడా తీసేస్తుంది. మూడు వందల మీటర్ల దూరంలో సైతం ఆ కిరణం వెడల్పు దాదాపు ఒక మీటరే. మీ ముందున్న కారుకు గురిపెడితే మీ డిటెక్టరుకు అందేది చాలా తక్కువ. పరారుణ కిరణాన్ని పసిగట్టే సెన్సర్ కూడా అందులో ఉంటే, మీ కారుకే గురిపెట్టినప్పుడు అది మోగుతుంది కానీ, ఆ మోత మీ చెవిన పడి, మీ కాలు బ్రేకు మీదికి చేరేలోపు మీ వేగం నమోదైపోయి ఉంటుంది. ఇక నంబరు ప్లేటును చదివే స్థిర కెమెరాలలో కొన్ని, దారిలో రెండు చోట్ల మీ వాహనాన్ని గుర్తించి, ఆ మధ్య దూరాన్ని ఎంత సేపట్లో దాటారో చూసి సగటు వేగం కడతాయి. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇటువంటి ఏర్పాటు ఉంది. అవి మీ కారు మీదికి ఏ తరంగాన్నీ పంపనప్పుడు డిటెక్టర్ పసిగట్టేందుకు అక్కడ ఏమీ ఉండదు.

దొంగ మోతల బాధ కూడా చిన్నది కాదు. పక్క కార్లలో వెనుక నుంచి వచ్చే వాహనాన్ని గుర్తించే సెన్సర్లు, పెద్ద దుకాణాల ముందు వాటంతట అవే తెరుచుకునే తలుపులు 24 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. కొన్ని రాడార్ గన్లదీ అదే ప్రాంతం. నగరం దగ్గర పడేకొద్దీ పరికరం ‘నాన్నా పులి’ అంటూనే ఉంటుంది, కొన్నాళ్లకు దానిని పట్టించుకోవడం మీరే మానేస్తారు.

జామర్ల సంగతి మీరు అడగలేదు కానీ, డిటెక్టర్ల పక్కనే వాటినీ అమ్మజూపేవారు ఉంటారు కనుక చెప్పవలసి వస్తున్నది. సిగ్నళ్లను అడ్డుకునే పరికరాలను కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా ప్రైవేటు వ్యక్తులు వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. వాటి జోలికి వెళ్లవద్దు.

మీకు కావలసింది కెమెరా ఎక్కడుందన్న సమాచారం కాదు, మీరున్న చోట పరిమితి ఎంత అన్న సమాచారం. ఔటర్ మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. అయితే అది అన్ని లేన్లకూ కాదు: డివైడర్ పక్కనున్న రెండు లేన్లలోనే 120 వరకు వెళ్లవచ్చు, ఎడమవైపు రెండు లేన్లలో పరిమితి అంతకన్నా తక్కువ. ఈ తేడా తెలియక ఎడమ లేనులో 120 మీద వెళ్తూ ‘నేను పరిమితిలోనే ఉన్నాను’ అనుకునేవారు ఉన్నారు. వేగ పరిమితినీ, తెలిసిన కెమెరా స్థానాలనూ ఫోనులోని మ్యాప్ యాప్‌లు చాలా చోట్ల ఉచితంగానే చూపుతాయి. 2019 జూలై తరువాత తయారైన కారు మీదైతే, 80 దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక అందులో తప్పనిసరిగా ఉండి ఉంటుంది. ఆ మోతను విసుక్కుని ఆపించే ప్రయత్నం మాత్రం చేయకండి.

పరిమితి దాటినందువల్ల మిగిలేది ఎంతో కూడా లెక్క వేసి చూడండి. నలభై కిలోమీటర్ల దూరాన్ని 120 వేగంతో ఇరవై నిమిషాల్లో, 140 వేగంతో పదిహేడు నిమిషాలకు కాస్త పైన దాటుతారు. మూడు నిమిషాలకన్నా తక్కువే మిగిలింది. అదీ దారి పొడవునా ఎక్కడా బ్రేకు వేయకపోతేనే. అదే సమయంలో, వేగం వర్గంతో (వేగాన్ని వేగంతోనే గుణించిన విలువతో) పాటు కారు ఆగే దూరం పెరుగుతుంది కనుక, పొడి రోడ్డు మీద 100 వేగంలో బ్రేకు నొక్కాక సుమారు 55 మీటర్లలో ఆగగలిగే కారుకు 140 వేగంలో దాదాపు రెట్టింపు దూరం కావాలి. రాత్రిపూట వెనుక దీపాలు లేకుండా ఎడమ అంచున ఆగి ఉన్న లారీ కనిపించేది ఆ దూరంలోనే. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని, ఆ మరణాలలో నూటికి డెబ్బై పైచిలుకు అతివేగం వల్ల సంభవించినవేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతున్నది. ఆ పుస్తకంలోని ఒక్కొక్క అంకె వెనుక ఒక ఇల్లు ఉంది కనుక ఈ విషయాన్ని చలానా డబ్బుల లెక్కగా చూడటానికి నాకు మనసొప్పదు.

అయినా మీ అసహనంలో న్యాయం లేదని అనను. పరిమితి మారే చోట బోర్డు చెట్టుకొమ్మల చాటునో, మలుపు తిరిగాకనో ఉంటే, దానికి కొద్ది దూరంలోనే గన్ పెడితే, జనానికి అది భద్రత కోసం పెట్టినదిగా కాక వసూలు కోసం పెట్టినదిగా తోస్తుంది. ఎలక్ట్రానిక్ నిఘా ఉన్న రోడ్డు మీద ఆ సంగతిని తెలిపే హెచ్చరిక బోర్డులు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 2021లో చేర్చిన 167-ఎ నియమమే చెబుతున్నది. బోర్డు లేని చోటును ఫోటోతో సహా ట్రాఫిక్ అధికారుల దృష్టికి తీసుకువెళ్లడం డిటెక్టర్ కొనడం కన్నా మీకూ, మీ వెనుక వచ్చేవారికీ మేలు చేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని వర్జీనియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ డిటెక్టర్లు అందరూ వాడతారని, తానూ కొన్నానని చెప్పాడు. ఏమైనా ఇబ్బంది ఉంటుందా? — ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఉంటుందమ్మా, వెంటనే తీసేయమనండి. అమెరికాలో చాలా రాష్ట్రాలు సొంత కార్లలో డిటెక్టర్లను అనుమతిస్తాయి కానీ, వర్జీనియా, దాని పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీ నిషేధించాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. వర్జీనియాలో పరిమితిని గంటకు ఇరవై మైళ్లు మించినా, ఎక్కడైనా 85 మైళ్లు దాటినా అది మామూలు జరిమానాతో పోయే తప్పు కాదు. నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద క్రిమినల్ నేరంగా పరిగణిస్తారు, దానికి ఏడాది వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు. వీసా దరఖాస్తులో అరెస్టులు, శిక్షల గురించి అడిగే ప్రశ్న ఉంటుంది కనుక అటువంటి కేసు మీ అబ్బాయిని తరువాత కూడా వెంటాడగలదు. ఇప్పటికే నోటీసు అందుకుని ఉంటే, జరిమానా కట్టి చేతులు దులుపుకోకుండా ముందు స్థానిక న్యాయవాదిని కలవమనండి.

ప్రశ్న: నేను అంత వేగంతో వెళ్లలేదని నా నమ్మకం. చలానా తప్పని ఎలా తేల్చుకోవాలి? — ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చలానాతో పాటు ఉండే ఫోటోను పెద్దది చేసి చూడండి. తేదీ, సమయం, స్థలం, నమోదైన వేగం, అక్కడి పరిమితి అన్నీ సరిపోలుతున్నాయా, గురి గుర్తు మీ వాహనం మీదే ఉన్నదా, నంబరు మీదే అయినా వాహనం రంగు, నమూనా మీవేనా అన్నది పరిశీలించండి. వేరే వాహనానికి మీ నంబరు తగిలించి తిరుగుతున్నట్లు కనిపిస్తే చలానా సంగతి అటుంచి ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం, యంత్రం ఇచ్చిన కొలత ఆధారం లేకుండా కేవలం ఒక సాక్షి అభిప్రాయం మీద అతివేగానికి శిక్ష వేయరాదు. పైన చెప్పిన 167-ఎ నియమం ప్రకారం ఆ యంత్రానికి ఏటా పునరుద్ధరించే ఆమోద పత్రం ఉండాలి. కాబట్టి చలానాను వ్యతిరేకిస్తూ రాసే అర్జీలో ఆ పత్రం ప్రతిని కోరడంలో తప్పులేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: కార్ల స్పీడోమీటర్లు అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపేలా తయారవుతాయి. మీటరు ముల్లు పరిమితి లోపలే ఉందని మీకు కచ్చితంగా తెలిస్తే మీ వాదన బలమైనదే, అర్జీ పెట్టండి.