టెక్ సందేహాలు: పంటల పట్టిక తీసేస్తే వ్యాసంలో ఏం మిగిలింది?

ప్రశ్న: స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్ మీద తెలుగు వికీపీడియా కోసం వ్యాసం రాసి, నా ప్రయోగశాల పేజీలో (చిత్తుప్రతి రాసి చూసుకునే చోటు) పెట్టుకున్నాను. ఏ సీజన్లో ఏ పంట వేయాలో అంతా వివరంగా రాశాను. మా ఫ్రెండ్ మాత్రం ‘ఇది వ్యాసం కాదు, గైడ్’ అంటున్నాడు. మీరు చూసి ఏం మార్చాలో చెప్పండి.
- డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: చదివాను. మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. పార్స్‌నిప్ అనే దుంప నాలుగు రోజులకు కోతకొస్తుందని, ఏ చేప ఏ వేళకు పడుతుందని సగానికి పైగా పట్టికలే ఉన్నాయి. ఆడేవాళ్లకు అవి పనికొస్తాయి కానీ, ఆ గేమ్ పేరే వినని మనిషికి అందులో చదవడానికి ఏమీ లేదు. గేమ్ గైడ్‌లకు వికీపీడియాలో చోటు లేదు కూడా.

కాబట్టి కొత్తగా రాయడం తర్వాత, ముందు కోత పెట్టండి. ఆట ఎలా సాగుతుందో చెప్పడానికి రెండు పేరాలు చాలు. తాత వదిలిపోయిన పొలం, 28 రోజులకొక సీజన్ చొప్పున నాలుగు సీజన్లు, సీజన్ మారితే ఎండిపోయే పైర్లు, ఊరివాళ్లతో స్నేహాలు, పెళ్లి, గనులు. (వాన పడిన రోజు నీళ్లు పెట్టే పని తప్పుతుందని భలే సంబరంగా రాశారు. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే మన జిల్లావాళ్లు ఆ గేమ్‌లోకి వెళ్తే తిరిగి రారు!)

ఇప్పుడు అసలు లోటు. గేమ్ ఎలా పుట్టిందో చెప్పడానికి మీరు ఒకే వాక్యం ఖర్చు పెట్టారు: ‘దీన్ని ఎరిక్ బరోన్ తయారు చేశాడు.’ చదివించే కథంతా అక్కడే ఉంది కదా! 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తిచేసిన కుర్రాడికి ఉద్యోగం దొరకలేదు. ప్రోగ్రామింగ్‌లో చేయి తిరుగుతుందని, చిన్నప్పుడు ఇష్టపడ్డ హార్వెస్ట్ మూన్ అనే వ్యవసాయం గేమ్ తరహాలో గేమ్ మొదలుపెట్టాడు. సియాటిల్‌లో ఒక థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ, కోడ్, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ ఒక్కడే నాలుగేళ్లకు పైగా చేసుకొచ్చాడు. దీనికి కనీసం మూడు పేరాలు ఇవ్వండి. అతని ఇంటర్వ్యూలు పేరున్న పత్రికల్లో చాలా వచ్చాయి కాబట్టి మూలాలకు టెన్షన్ లేదు.

విడుదల సంవత్సరం 2019 అని వేశారు. అది ఆండ్రాయిడ్‌కు వచ్చిన ఏడాది. బహుశా మీరు ఫోన్లోనే మొదట ఆడి ఉంటారు. విండోస్‌లో 2016 ఫిబ్రవరి 26నే వచ్చింది. ఐఫోన్‌కు 2018లో వచ్చింది.

ఇక ఈ రెండు వాక్యాలు చూడండి: ‘ఇది ప్రపంచంలోనే బెస్ట్ ఫార్మింగ్ గేమ్. ఇప్పటికి కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి.’ బెస్ట్ అని ఎవరన్నారు? గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో ఎవరో రాసిన రివ్యూ, యూట్యూబర్ మాట ఇక్కడ చెల్లవు. సంపాదకులున్న పత్రిక రివ్యూను ఆ పత్రిక పేరుతో ఉదహరించండి, అందులో తప్పుపట్టిన మాటలుంటే అవీ రాయండి. రెండో వాక్యంలో ‘ఇప్పటికి’ అంటే ఎప్పటికి? ఐదేళ్ల తర్వాత చదివేవాడికి అది దేనికీ పనికిరాదు. ‘డెవలపర్ లెక్క ప్రకారం 2024 డిసెంబరు నాటికి 4.1 కోట్ల కాపీలు’ అని రాసి, పక్కనే మూలం ఇవ్వండి. లెక్క అమ్మేవాళ్లదే కాబట్టి ఆ ముక్క చెప్పి తీరాలి.

పైనుండే పరిచయం పేరా మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. కింద అంతా సర్దుకున్నాక రాస్తే పది నిమిషాల పని.

ప్రశ్న: ఒక గేమ్ స్క్రీన్‌షాట్ నేనే తీసి వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌లో పెడితే తొలగించారు. నేను తీసిన బొమ్మ నాది కాదా?
- ప్రొద్దుటూరు పాఠకురాలు

జవాబు: బటన్ నొక్కింది మీరే కానీ, తెర మీది బొమ్మ గీసింది గేమ్ చేసినవాళ్లు. కాపీరైట్ వాళ్లదే. కామన్స్‌లో స్వేచ్ఛా లైసెన్సు (ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి) ఉన్నవే ఉంచుతారు, ఫెయిర్ యూజ్ (కాపీరైట్ ఉన్నదాన్ని అనుమతి లేకుండా పరిమితంగా వాడుకోవడం) అక్కడ కుదరదు. తెలుగు వికీపీడియాలోనే, చిన్న సైజులో, వ్యాసంలో ఎందుకు అవసరమో కారణం రాసి ఎక్కించండి. ఆట ఎలా ఉంటుందో తెలిసే స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలు. వ్యాసం ఇంకా ప్రయోగశాలలోనే ఉంటే అది బయటికి వచ్చేదాకా ఆగండి.